విశ్వం ఇంత పెద్దదైతే అందులో మనిషి స్థానం ఏమిటి?

ధ్రువతార (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మూడేళ్లుగా మేడ మీద చిన్న దూరదర్శిని పెట్టుకుని ఆకాశం చూడటం నాకు అలవాటు. గత వారం చంద్రుడు లేని ఒక రాత్రి ఆండ్రోమెడా గెలాక్సీ దొరికింది. కంటికి అది అద్దం మీద ఊదిన ఆవిరిలా, అంచులు తెలియని బూడిద రంగు మరకలా కనబడింది. ఆ మరక నుంచి నా కంటిలోకి వచ్చిన వెలుతురు సుమారు 25 లక్షల సంవత్సరాల క్రితం బయలుదేరిందనీ, అప్పటికి మన జాతి మనిషి ఇంకా పుట్టనే లేదనీ నాకు ముందే తెలుసు. తెలిసిన సంగతే అయినా ఆ రాత్రి అది లెక్కలా కాకుండా బరువులా మీద పడింది.

కిందికి దిగి వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని జపమాల తిప్పుతోంది. అమ్మకు మతిమరుపు వ్యాధి ముదిరింది. చాలా రోజులు నా పేరు గుర్తుండదు కానీ పూసలు మాత్రం వేళ్లకు గుర్తున్నాయి. బొటనవేలితో ఒక్కొక్క పూసనూ దాటించి, మేరుపూస దగ్గర ఆగి, దానిని దాటకుండా మాలను వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడుతుంది. ఆమె ఎవరిని తలుస్తోందో ఆయన ఇన్ని వేల కోట్ల నక్షత్రాలను నడిపేవాడే అయితే, ఈ గదిలో ఒక ముసలి మనిషి వేళ్ల కదలిక ఆయన లెక్కలోకి వస్తుందా అన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

మనిషికి విశ్వంలో ఒక స్థానం ఉందని మతాలూ దర్శనాలూ చెప్పిన మాట, విశ్వం ఎంతటిదో తెలిసిన తరువాత కూడా నిలుస్తుందా? నేను ఓదార్పు కోసం అడగడం లేదు. నిలిచే వాదన ఉంటే వినాలని అడుగుతున్నాను.

హేతుదృష్టి

ధ్రువతార గారూ, మీరు నిజాయతీగా అడిగారు కాబట్టి నేను కూడా మెత్తగా చుట్టకుండా చెబుతాను. నిలవదని నా అభిప్రాయం. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్ 1 అంతరిక్ష నౌక సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగి భూమిని ఫొటో తీసినప్పుడు, భూమి ఆ చిత్రంలో ఒక పూర్తి పిక్సెల్‌ను కూడా నింపలేకపోయింది. ఆ దూరం సౌరకుటుంబపు పొలిమేర మాత్రమే. మన గెలాక్సీలోనే కనీసం 10 వేల కోట్ల నక్షత్రాలు ఉన్నాయి, మనం చూడగలిగిన విశ్వం అడ్డకొలత సుమారు 9,300 కోట్ల కాంతి సంవత్సరాలు.

అయితే నా దృష్టిలో దూరం కంటే కాలం బలమైన వాదన. విశ్వం వయసైన 1380 కోట్ల సంవత్సరాలను ఒక్క ఏడాదిగా కుదిస్తే, మన జాతి మనుషులు డిసెంబరు 31 రాత్రి చివరి 12 నిమిషాలలో వచ్చారు. రాత తెలిసిన చరిత్ర అంతా కలిపి సుమారు 11 సెకన్లు. మన మతాలన్నీ ఆ 11 సెకన్లలోనే పుట్టాయి. ఒక నాటకం మొత్తం ఒక పాత్ర కోసమే రాశారని చెబుతూ, ఆ పాత్రను తెర పడే క్షణంలో మాత్రమే రంగం మీదికి తెచ్చే రచయిత ఉంటాడా?

పాతగ్రంథం

హేతుదృష్టి గారి సంఖ్యలతో నాకు పేచీ లేదు. విశ్వం పెద్దదని మనకే కొత్తగా తెలిసిందనీ, పూర్వులు దానిని ఇంటి పెరడంత అనుకుని మనిషిని మధ్యలో కూర్చోబెట్టారనీ ఈ వాదన వెనుక ఉన్న ఊహతోనే నా పేచీ. చరిత్ర అలా లేదు.

క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో ఖగోళ పండితుడు టాలమీ భూమిని కేంద్రంలో ఉంచినవాడే, కానీ నక్షత్ర గోళంతో పోల్చినప్పుడు భూమిని ఒక బిందువుగా మాత్రమే లెక్కించాలని ఆయనే రాశాడు. మధ్యయుగపు యూరప్ పండితులు అది చదివే పెరిగారు, అయినా వారి విశ్వాసం కూలలేదు. పైగా వారి దృష్టిలో కేంద్రం గౌరవస్థానం కాదు. అరిస్టాటిల్ ప్రకారం బరువైనదీ చెడిపోయేదీ కిందికి, అంటే కేంద్రానికి, దిగుతుంది, చెడనిది పైన ఆకాశంలో తిరుగుతుంది. ఆ లెక్కన భూమి విశ్వానికి మట్టి అడుగు. కాబట్టి భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పే కోపర్నికస్ గ్రంథం 1543లో వచ్చినప్పుడు మనిషిని సింహాసనం నుంచి దించారన్నది తరువాతి కాలం అల్లుకున్న కథ. అరిస్టాటిల్ లెక్కన చూస్తే అప్పుడు మనిషి ఒక మెట్టు ఎక్కాడని చెప్పినా తప్పు లేదు.

మన వైపు చూస్తే, ఆర్యభటుడు 499లో భూమే తిరుగుతోందని చెప్పడానికి పడవ ఉపమానం వాడాడు. ముందుకు సాగే పడవలో ఉన్నవాడికి గట్టున కదలని చెట్లు వెనక్కి పోతున్నట్లు కనబడినట్లే, నిలిచి ఉన్న నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు మనకు కనబడతాయి. కదలనిదని నమ్మిన నేలను పడవగా చూడటానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఇక కాలం మాటకు వస్తే, పురాణాలలో బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు. ఈ సంఖ్య భూమి వయసుకు దగ్గరగా ఉందని మురిసిపోయేవారితో నేను ఏకీభవించను, అది పరిశీలన మీద వచ్చిన సంఖ్య కాదు. నేను చెప్పేది వేరు. మనిషి జీవితాన్ని కోట్ల సంవత్సరాల పక్కన పెట్టి చూడటం ఈ సంప్రదాయానికి కొత్త కాదు. అలా చూస్తూనే వారు సంధ్యావందనం మానలేదు. వారు తెలియక నమ్మారని చెప్పడం సులభం, తెలిసి కూడా ఎందుకు నమ్మారో చెప్పడమే కష్టం.

కాంతిసంవత్సరం

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. పరిమాణం గురించి ఒక్క సంగతి చెప్పి తప్పుకుంటాను. మనలోని కార్బన్, ఆక్సిజన్, ఎముకలలోని కాల్షియం నక్షత్రాలలో తయారయ్యాయి. ఆ నక్షత్రాలు పుట్టి, మండి, చచ్చి, తమలోని ద్రవ్యాన్ని వెదజల్లి, ఆ ద్రవ్యంతో మరో తరం నక్షత్రాలూ గ్రహాలూ ఏర్పడటానికి వందల కోట్ల సంవత్సరాలు పడుతుంది. అంతకాలమూ విశ్వం వ్యాకోచిస్తూనే ఉంటుంది. అంటే మనలాంటివారు ఉండగలిగినంత పాతదైన విశ్వం తప్పనిసరిగా ఇంత పెద్దదై ఉంటుంది. చిన్న విశ్వంలో మనం ఉండేవాళ్లం కాము. ‘ఇంత స్థలం వృథా’ అన్న మాట ఈ లెక్క తెలిస్తే అంత సులభంగా నోటికి రాదు.

ఇది మన కోసమే చేశారని దీని అర్థం కాదు. 1973లో భౌతిక శాస్త్రవేత్త బ్రాండన్ కార్టర్ చెప్పినది కూడా ఇంతే: చూసేవాడు ఉండటానికి అవసరమైన పరిస్థితులే అతడు చూడగలిగినదానికి హద్దు గీస్తాయి. ఆ హద్దును సృష్టికర్త సంతకంగా చదివేవారు, శాస్త్రం చెప్పనిదానిని శాస్త్రం నోట పెడుతున్నారు.

ప్రభాతం

నేను క్రైస్తవ విశ్వాసిని. ధ్రువతార గారు రాసినది చదవగానే బైబిలులోని ఎనిమిదవ కీర్తన గుర్తుకు వచ్చింది. ఆకాశాన్నీ చంద్రనక్షత్రాలనూ చూసిన మనిషి అక్కడ అడిగే ప్రశ్న మీ ప్రశ్నే: ‘నీవు మనుష్యుని జ్ఞాపకము చేసికొనుటకు వాడేపాటివాడు?’ వేల సంవత్సరాలుగా ఆరాధనలో పాడుతున్న పాటలోనే ఈ సందేహం ఉంది. మమ్మల్ని ఓడించడానికి బయటి నుంచి ఎవరో తెచ్చినది కాదు.

అదే కీర్తన తరువాతి వచనాలలో మనిషికి సమస్త జీవుల మీద అధికారం ఇచ్చినట్లు ఉంటుంది. దానిని పట్టుకుని లోకమంతా మన సొత్తు అనుకున్న క్రైస్తవులు ఉన్నారు. ఆ అపచారాన్ని నేను కప్పిపుచ్చను. అయితే అదే బైబిలులో యోబు గ్రంథం ఉంది. తన బాధకు కారణం చెప్పమని అడిగిన యోబుకు దేవుడు కారణం చెప్పడు. ‘నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ నుంటివి?’ అని అడిగి, అతడిని సృష్టి అంతటా తిప్పి చూపిస్తాడు. అందులో నన్ను ప్రతిసారీ నిలబెట్టేది ఒకటుంది: మనుషులెవరూ లేని అరణ్యం మీద వాన కురిపించి, అక్కడ లేతగడ్డి మొలిపించేది ఎవరు అన్న ప్రశ్న. పంటకు పనికిరాని వాన, మేతకు ఎవరూ తోలుకుపోని గడ్డి. కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో నీకు తెలుసా అని కూడా అడుగుతాడు. సృష్టి అంతా మనిషి ఉపయోగం కోసమే ఉందన్న భావానికి ఇంతకంటే గట్టి ఖండనను నేను ఏ నాస్తికుడి రాతలోనూ చదవలేదు. హేతుదృష్టి గారు చెప్పిన ఆ 1380 కోట్ల సంవత్సరాలు నాకు ఆ మనుషులు లేని నేల మీది వానలాగే కనబడతాయి.

నూర్

అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్కారం. ప్రభాతం గారు చెప్పినదానికి నా వైపు నుంచి రెండు విషయాలు జోడిస్తాను. ఖుర్ఆన్ 40వ సూరా (అధ్యాయం) 57వ వాక్యం, ఆకాశాలనూ భూమినీ సృష్టించడం మనుషులను సృష్టించడం కంటే గొప్ప పని అనీ, చాలామందికి అది తెలియదనీ సూటిగా చెబుతుంది. కాబట్టి మనం సృష్టిలో అన్నిటికంటే గొప్ప పనితనం అని చెప్పుకోవడానికి ఒక ముస్లింకు కూడా వీలు లేదు.

రెండవది అమానత్, అంటే అప్పగింత. 33వ సూరా చివరలో, ఆ అప్పగింతను ఆకాశాలకూ భూమికీ పర్వతాలకూ చూపితే అవి భయపడి వద్దన్నాయనీ, మనిషి దానిని ఎత్తుకున్నాడనీ ఉంటుంది. ఆ వెంటనే మనిషిని పొగడకుండా, వాడు అన్యాయపరుడు, అజ్ఞాని అంటుంది. మా నాన్న ఈ వాక్యం చదివినప్పుడల్లా అక్కడ కాసేపు ఆగేవారు. ‘పర్వతం మోయలేనన్నదానిని మనం తలకెత్తుకున్నాం బేటా, అందుకే తల వంచాలి’ అనేవారు. మనిషి ప్రత్యేకత అతడి కొలతలో లేదు, అతడిని అడిగే లెక్కలో ఉంది అని నేను దీని నుంచి నేర్చుకున్నాను. కొండను ఎవరూ లెక్క అడగరు.

హేతుదృష్టి

నాలుగు జవాబులూ శ్రద్ధగా చదివాను. పాతగ్రంథం గారి దిద్దుబాటును ఒప్పుకుంటున్నాను. కేంద్రం గౌరవస్థానం కాదన్నది నాకు తెలియదు. కానీ అసలు చిక్కు అలాగే ఉంది.

నూర్ గారూ, అప్పగింత అంటే అప్పగించినవాడు ఉండాలి. ఉన్నాడా అన్నదే కదా ప్రశ్న? సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ఒక గ్రహశకలం భూమిని తాకకపోయి ఉంటే, పెద్ద డైనోసార్లు ఉండిపోయి, మన పూర్వులైన చిన్న క్షీరదాలకు ఇంత చోటు దొరికేది కాదేమో. ఒక రాయి దారి తప్పడం మీద ఆధారపడిన మన ఉనికిని ఒక ఉద్దేశానికి ముడి పెట్టడం నా వల్ల కాదు. మన ప్రాచీన భౌతికవాదులైన చార్వాకులు ఈ మాటను ఎప్పుడో చెప్పారు. దినుసులలో విడివిడిగా లేని మత్తు వాటిని కలిపి పులియబెట్టినప్పుడు పుట్టినట్లే, మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిసినప్పుడు చైతన్యం పుడుతుంది, అవి విడిపోతే పోతుంది. ఆ ఉపమానంలో నాకు తక్కువతనం కనబడదు. పైగా ఈ చర్చ కూడా ఆ పులియడం వల్లనే జరుగుతోందని అనుకుంటే నాకు ఆశ్చర్యమే కలుగుతుంది.

గ్రంథాలలో వినయం నేర్పే వాక్యాలు ఉన్నాయన్నది నిజమే, వాటిని ప్రేమతో ఎంచి చూపారు. అహంకారం నేర్పే వాక్యాలు కూడా అక్కడే ఉన్నాయి, చరిత్రలో ఎక్కువ పని చేసినవి అవే.

మధ్యమమార్గి

బుద్ధుడు ఈ చర్చకు వచ్చి ఉంటే మొదటి ప్రశ్నకే మౌనంగా ఉండేవాడేమో. లోకం శాశ్వతమా కాదా, దానికి అంతం ఉందా లేదా అని మాలుంక్యపుత్రుడనే శిష్యుడు పట్టుబట్టి అడిగితే, విషపు బాణం తగిలినవాడు దానిని కొట్టినవాడి కులం, విల్లు కర్ర, ఈక రకం తెలిసేదాకా బాణం తీయనివ్వనంటే చచ్చిపోతాడని చెప్పి పంపించాడు. దీనిని ప్రశ్న తప్పించుకోవడంగా కొందరు చదువుతారు. నాకు మాత్రం ఇది ప్రశ్నలకు వరుస పెట్టడం.

అయితే మనిషి స్థానం గురించి బుద్ధుడు ఏమీ చెప్పలేదని కాదు. సముద్రంలో నూరేళ్లకు ఒకసారి పైకి వచ్చే గుడ్డి తాబేలు, అలల మీద గాలికి తిరిగే ఒక కాడి రంధ్రంలో తల దూర్చడం ఎంత అరుదో, మనిషి పుట్టుక అంత అరుదని ఒక ఉపమానం ఉంది. గమనించండి, ఆ తాబేలును ఎవరూ కాడి వైపు నడిపించలేదు. హేతుదృష్టి గారు చెప్పిన దారి తప్పిన రాయికీ ఈ తాబేలుకూ పెద్ద తేడా లేదు. యాదృచ్ఛికం కాబట్టి విలువ లేదన్నది ఆయన నిర్ణయమైతే, ఇంత అరుదుగా దొరికినది కాబట్టి ఒక్క పూట కూడా పారేసుకోకూడదన్నది మా నిర్ణయం. ఒకే వాస్తవం నుంచి రెండు దారులు పోతున్నాయి. ఏ దారి పట్టాలో ఆ వాస్తవం చెప్పదు.

అనేకాంతం

అందరూ మనిషి గురించే మాట్లాడుతున్నారు. జైన దర్శనంలో లోకానికి సృష్టికర్త లేడు, మొదలూ లేదు. జీవాలు మట్టిలో, నీటిలో, నిప్పులో, గాలిలో కూడా ఉన్నాయి. ‘పరస్పరోపగ్రహో జీవానామ్’ అన్న సూత్రం ప్రకారం జీవులు ఒకదానికొకటి ఆసరాగా ఉండటమే వాటి పని. మోక్షానికి మనిషి జన్మే ద్వారం అన్నమాట నిజమే, కానీ ద్వారం దగ్గర నిలబడినవాడు మిగిలినవారిని తొక్కుకుంటూ పోకూడదు కదా. స్థానం అంటే పై మెట్టు అని ముందే అనుకుని మొదలుపెడితే ఈ చర్చ ఎక్కడికీ పోదు.

దహరాకాశం

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయం మొదట్లో ఒక మాట ఉంది. బయట ఈ ఆకాశం ఎంత ఉందో, హృదయంలోని ఆకాశం అంత ఉంది. అగ్ని, వాయువు, సూర్యచంద్రులు, నక్షత్రాలు అన్నీ దానిలో ఇమిడి ఉన్నాయి. నేను పెట్టుకున్న పేరు అక్కడిదే. దీనిని కవిత్వంగా చదివి వదిలేయవచ్చు, కానీ ఒక్క క్షణం ఆగి చూడండి. ధ్రువతార గారు ఆండ్రోమెడాను చూసినప్పుడు ఎవరు ఎవరిలో ఉన్నారు? దేహం విశ్వంలో ఉన్నది. విశ్వం ఉన్నదన్న ఎరుక ఎక్కడ ఉన్నది? కొలిచే కర్రను ఆ కర్రతోనే కొలవలేనట్లు, చిన్న, పెద్ద అని నిర్ణయించే ఎరుకను చిన్నదనో పెద్దదనో అనలేము. ‘అణోరణీయాన్ మహతో మహీయాన్’, అంటే అణువు కంటే చిన్నది, మహత్తు కంటే పెద్దది అన్నది ఇందుకే.

హేతుదృష్టి

దహరాకాశం గారూ, ఎరుక లేకుండా కొలత లేదన్నది ఒప్పుకుంటాను. ఎరుక లేకుండా కొలవబడేది కూడా లేదన్నట్లు మీ మాట జారిపోతోంది, అక్కడ నేను రాను. 1964-65లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆంటెనాలో ఎంత వెతికినా పోని ఒక సన్నని రొదను పట్టుకున్నారు. విశ్వం మొదలైన సుమారు 3.8 లక్షల సంవత్సరాలకు వెలువడిన వెలుతురు అది. వినేవాడు ఎవరూ లేని కాలమంతా అది ప్రయాణం చేస్తూనే ఉంది.

ఇంకొకటి, ఇది మర్యాదగా అడుగుతున్నాను. అంతా బ్రహ్మమే అయితే, తన పేరు మరిచిపోయిన అమ్మ ఎదుట కూర్చున్న బిడ్డ బాధకు మీ దర్శనంలో చోటు ఎక్కడ?

దహరాకాశం

సరైన చోట అడిగారు. వేదాంతం చదివినవారు ఇక్కడ తొందరపడి ‘అది మాయ’ అని చేతులు దులుపుకోవడం నేను చాలాసార్లు విన్నాను, అది తప్పని అనుకుంటున్నాను. వ్యవహారంలో, అంటే రోజువారీ అనుభవంలో, బాధ బాధే, శంకరులు కూడా వ్యవహారాన్ని లేదనలేదు.

జవాబు వాదనతో చెప్పలేను, పోతన దగ్గరికి వెళతాను. లోకాలూ లోకేశులూ లోకంలోని వారూ అంతరించిన తరువాత మిగిలే ‘పెంజీకటి కవ్వల’ ఒక్కడై వెలిగేవాడిని గజేంద్రుడు తలుచుకుంటాడు. విశ్వం ఎంత పెద్దదని మీరు చెప్పినా ఆ పద్యం దానికి అవతలనే నిలబడుతుంది. ఆ మాట అన్న నోటితోనే, కాలు మొసలి పట్టులో ఉండగా, కొద్ది పద్యాల తరువాత ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అంటాడు. ఆ పద్యం చిన్నప్పటి నుంచి అందరికీ వచ్చు కాబట్టి మనం దాని తీవ్రతను గమనించడం మానేశాం. మహావిశ్వానికి అవతల ఉన్నవాడు ఈ మడుగు దాకా వస్తాడా అన్న సందేహాన్ని, మనం భక్తికి శిఖరంగా చెప్పుకునే ప్రార్థన తన నడుమనే పెట్టుకుంది. ధ్రువతార గారి ప్రశ్నకూ ఆ పద్యానికీ నాకు తేడా కనబడదు.

కాంతిసంవత్సరం

తప్పుకుంటానని చెప్పి మళ్లీ వచ్చాను, మన్నించండి. ఇక్కడ ఎవరూ ఇంకా ఆ పొరపాటు చేయలేదు కానీ ఇలాంటి చర్చలు దాదాపు ప్రతిసారీ మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) దగ్గరికి వెళ్లి, అదే సృష్టికి రుజువని ముగుస్తాయి. జార్జ్ లెమైత్ర్ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. ఆయన కాథలిక్ మతగురువు, విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో చూపినవాడు, 1931లో విశ్వం ఒక ఆదిమ పరమాణువు నుంచి మొదలైందన్న భావనను ప్రతిపాదించినవాడు. 1951లో పోప్ పన్నెండవ పయస్ తన ప్రసంగంలో ఈ శాస్త్ర ఫలితాలు సృష్టివాదానికి బలమిస్తున్నట్లు మాట్లాడితే, అందరికంటే సంతోషించవలసిన లెమైత్రే ఇబ్బంది పడ్డాడు. సిద్ధాంతం రేపు మారవచ్చు, దానికి విశ్వాసాన్ని కట్టివేయకూడదు, విశ్వాసానికి సిద్ధాంతాన్ని కూడా కట్టివేయకూడదన్నది ఆయన వైఖరి. తెల్లని మతగురువు కాలరు పెట్టుకుని నల్లబల్ల మీద సమీకరణాలు రాసిన ఆ మనిషి పట్ల నాకున్న గౌరవం ఎక్కువగా ఈ ఒక్క కారణానికే.

పాతగ్రంథం

లెమైత్ర్ వైఖరికి మన వైపు నాసదీయ సూక్తం తోడుగా నిలుస్తుంది. ఋగ్వేదం పదవ మండలంలోని ఆ ఏడు మంత్రాలు సృష్టి ఎలా వచ్చిందని అడిగి, దేవతలు కూడా సృష్టి తరువాత వచ్చినవారే కదా అని, చివరకు పరమాకాశంలో ఉండి దీనిని చూసేవాడికే తెలియాలి, లేక అతడికి కూడా తెలియదేమో అని ఆగిపోతాయి. ఆ ‘ఏమో’ను కాపాడి మనకు అందించిన తరాల మీద నాకు భక్తి ఉంది.

ఇక స్థానం అన్న మాట దగ్గరే మనం పొరబడుతున్నామన్న అనేకాంతం గారి మాటను కొంచెం ముందుకు తీసుకువెళతాను. తెలుగులో స్థానం అంటే చోటు, హోదా రెండూ. చోటు గురించి శాస్త్రం చెబుతుంది, హోదా గురించి చెప్పదు. పరిమాణాన్ని చూసి హోదా తగ్గిందనుకోవడం ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే వస్తుంది. 1971లో థామస్ నేగెల్ అనే తత్వవేత్త దీనిని తేల్చి చెప్పాడు: మన జీవితం డెబ్బయి ఏళ్లే కాబట్టి అర్థరహితమైతే, శాశ్వతంగా బ్రతికితే శాశ్వతంగా అర్థరహితం అవుతుంది, మనం చిన్నవాళ్లం కాబట్టి అర్థరహితమైతే, విశ్వమంత శరీరం ఉన్నా ఆ లోటు తీరదు. ఆయన దేవుడిని నమ్మి ఇది చెప్పలేదు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1788లోనే ఈ రెండింటినీ విడదీసి, నెత్తి మీది నక్షత్రాకాశం జంతువుగా తన ప్రాముఖ్యాన్ని తుడిచివేస్తుందనీ, లోపలి ధర్మనియమం తన విలువను హద్దు లేకుండా పెంచుతుందనీ రాశాడు. ఫ్రెంచ్ తత్వవేత్త పాస్కల్ మనిషిని ఆలోచించే రెల్లు అన్నాడు. విరిచేయడానికి ఒక నీటి బొట్టు చాలు, కానీ తాను విరిగిపోతున్నానని రెల్లుకు తెలుసు, విశ్వానికి తెలియదు.

పాస్కల్ మాట అందంగా ఉన్నా అందులో ఒక పోటీ ఉంది, విశ్వం కంటే మనం మిన్న అన్న పోటీ. నాకు సాంఖ్య దర్శనం వారి ఉపమానం దగ్గరగా అనిపిస్తుంది. ఏమీ తెలియని పాలు దూడ పోషణ కోసం చేపినట్లు, జడమైన ప్రకృతి పురుషుడి, అంటే చైతన్యం, విముక్తి కోసం పని చేస్తుందంటారు. అక్కడ ఈశ్వరుడి ప్రసక్తి లేదు, ఉద్దేశం ఉన్న మనసు కూడా లేదు, అయినా పొదుగుకూ నోటికీ సంబంధం ఉంది. కాంతిసంవత్సరం గారు చెప్పిన నక్షత్రాల కార్బన్ నాకు ఈ పాలను గుర్తు చేసింది.

హేతుదృష్టి

పాల ఉపమానం గురించి రెండు రోజులు ఆలోచించాను. పాలు ఊరికే చేపవు, దూడకు పాలిచ్చిన జంతువుల సంతతే మిగిలింది కాబట్టి అలా జరుగుతుంది. విశ్వానికి అలాంటి వడపోత జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. కాబట్టి ఉపమానాన్ని ఒప్పుకోను.

పరిమాణం గురించిన నా మొదటి వాదనను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. నేగెల్ తర్కానికి నా దగ్గర జవాబు లేదు. చిన్నవాళ్లం కాబట్టి విలువ లేదన్నది వాదన కాదు, ఆ ఫొటో చూసినప్పుడు కలిగే ఒక భావానికి నేను వాదన వేషం వేశాను. అప్పగించినవాడు లేడనే ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే నూర్ గారి నాన్నగారి మాట, అప్పగించినవాడు లేకపోయినా, నా భుజం మీద నుంచి దిగడం లేదు. లెక్క అడిగేవాడు లేనప్పుడు లెక్క చెప్పాలన్న తపన ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఇంకా ఆలోచించుకోవాలి.

నూర్

హేతుదృష్టి గారూ, నాన్న లేరు. ఆయన మాట మీ దాకా చేరిందని చదివి సంతోషం కలిగింది. మీ సందేహం తీరిందో లేదో ఎప్పుడైనా రాయండి.

ధ్రువతార

అందరి జవాబులూ ఒకటికి రెండుసార్లు చదివాను. వాదన అడిగాను, దొరికింది. పరిమాణం వల్ల ఏదీ కూలలేదనీ, అలాగే ఏదీ రుజువు కాలేదనీ అర్థమైంది. ప్రభాతం గారు రాసిన ‘జ్ఞాపకము చేసికొనుటకు’ అన్న మాట దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. మా ఇంట్లో ఆ మాటకు బరువు వేరు.

నిన్న రాత్రి శనిగ్రహం స్పష్టంగా ఉంది. అమ్మను మెల్లగా మేడ మీదికి తీసుకువెళ్లి, కుర్చీలో కూర్చోబెట్టి, కంటి దగ్గర గొట్టం సర్దాను. మొదట రెప్ప మూసుకుపోయేది. నాలుగైదుసార్లు ప్రయత్నించాక దొరికినట్లుంది, ఎందుకంటే జపమాల తిప్పే వేళ్లు ఆగాయి. ఏం కనబడుతోందని అడిగితే, చిన్నదిగా ఉంది, చుట్టూ గాజు ఉందని చెప్పింది. శని చుట్టూ ఉన్న వలయాన్ని ఇంత సరిగా చెప్పినవారిని నేను చూడలేదు. కాసేపటికి కన్ను తీయకుండానే ఎవరినో అడిగినట్లు, ‘అంత దూరాన ఒక్కతే ఉందే, దాన్ని ఎవరు చూసుకుంటున్నారు?’ అంది.

‘మనం చూస్తున్నాం కదమ్మా’ అన్నాను. చూడటం కాదు, చూసుకోవడం అని దిద్ది మళ్లీ గొట్టంలోకి వంగింది. కిందికి దిగాక అన్నం తినిపిస్తుంటే ఆ ప్రశ్ననే మళ్లీ అడిగింది. శనిని మరిచిపోలేదు. ఈ పూట ఆకాశంలో మబ్బు ఉంది. తొలగితే మళ్లీ పైకి తీసుకువెళతాను.